కోడిపిల్ల కాలు చెప్పే కబురు

పిల్లలూ! మన మలేసియాలో కంపుంగులలోను, ఎస్టేటు ఇళ్ళలోను, పెరడు ఉన్న పట్టణపు ఇళ్ళలోను కోళ్ళు పెంచేవారు ఇప్పటికీ ఉన్నారు. మీ ఇంట కోళ్ళు లేకపోయినా, తాతగారి ఇంటనో, పొరుగింటనో తల్లికోడి తన పిల్లలను వెంటబెట్టుకొని తిరగడం మీరు చూచే ఉంటారు.

కోడి గుడ్డును 21 రోజులు పొదిగితే పిల్ల బయటకు వస్తుంది. అప్పుడు దాని బరువు సుమారు 40 గ్రాములు. ఒంటి తడి ఆరగానే అది లేచి నిలబడుతుంది. త్వరలోనే తల్లి వెంట పరుగెత్తడం మొదలుపెడుతుంది. పిచ్చుక పిల్ల గూటిలో కూర్చొని నోరు తెరిస్తే తల్లి వచ్చి నోటిలో ఆహారం పెడుతుంది. కోడిపిల్లకు ఆ భాగ్యం లేదు. తల్లికోడి నేలను గీరి ఆహారాన్ని చూపుతుంది. ఏరుకొని తినవలసినది పిల్లే.

అందువల్ల కోడిపిల్లకు కాళ్ళే ఆధారం. నిలబడలేని పిల్ల నీళ్ళ గిన్నె దగ్గరకు పోలేదు. చలివేస్తే తల్లి రెక్కల క్రిందకు చేరలేదు. తక్కిన పిల్లలు దానిని తొక్కుతాయి, ముక్కుతో పొడుస్తాయి. అట్టి పిల్ల చాలాసార్లు కాలి జబ్బుతో కాక ఆకలితో, దాహంతో, చలితో చచ్చిపోతుంది.

“కుంటిపిల్ల బ్రతకదులే, వదిలెయ్యి” అని కొందరు పెద్దలు అంటారు. ఆ మాట అన్నివేళలా నిజం కాదు. మొదటి రోజులలోనే గమనించి తగిన సాయం చేస్తే ఎన్నో పిల్లలు మళ్ళీ నడుస్తాయి. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. కాలు జబ్బు కనిపించే చోటు మాత్రమే. జబ్బు పుట్టిన చోటు వేరే ఉండవచ్చు. అది పిల్ల నిలబడే నేల కావచ్చు, తినే ఆహారం కావచ్చు, గాలిలో వచ్చిన సూక్ష్మజీవి కావచ్చు. కాలు మనకు ఒక కబురు చెబుతుంది. ఆ కబురు విని కారణాన్ని వెతకడం మన పని.

ముందుగా చేయవలసినవి

కుంటుతున్న పిల్ల కనబడగానే దానిని మంద నుండి వేరు చేయండి. ఒక చిన్న అట్టపెట్టె చాలు. పెట్టె అడుగున పాత తువ్వాలు ముక్క పరచండి. వార్తాపత్రిక కాగితం పరచకండి. కాగితం నున్నగా ఉంటుంది, కాలు జారుతుంది. దారాలు ఊడిపోతున్న గుడ్డ కూడా పనికిరాదు. ఆ దారం కాలికి చుట్టుకొంటుంది.

తరువాత వెచ్చదనం సంగతి. మొదటి వారంలో కోడిపిల్ల ఉన్నచోట 32 నుండి 35 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనం కావాలి. ఆ పైన వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు. మన దేశంలో పగటివేళ ఎండ బాగా ఉంటే వేరే వేడి అక్కరలేకపోవచ్చు. రాత్రులందు, వానలు కురిసే రోజులలో మాత్రం బల్బు వెలిగించాలి. బల్బును పెట్టెకు ఒక ప్రక్కన మాత్రమే వేలాడదీయండి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల వేడి ఎక్కువైతే దూరంగా జరుగుతుంది. కుంటిపిల్ల జరగలేదు. కనుక మాటిమాటికి వెళ్ళి చూడాలి. నోరు తెరిచి రొప్పుతూ ఉంటే వేడి ఎక్కువైందని అర్థం. కీచుకీచుమని అరుస్తూ ముడుచుకొని ఉంటే చలి వేస్తున్నదని అర్థం.

నీళ్ళు లోతులేని మూతలో పోసి, అందులో చిన్న గులకరాళ్ళు వేయండి. అప్పుడు పిల్ల నీటిలో పడి మునిగిపోదు. అది తానుగా త్రాగలేకపోతే ముక్కు కొనను మాత్రం నీటిలో తాకించండి. ముక్కు రంధ్రాలు మునగకూడదు. బలవంతంగా గొంతులో నీళ్ళు పోయకండి. ఊపిరితిత్తులలోకి నీరు పోతే ప్రాణానికే అపాయం.

ఒంటరిగా ఉన్న పిల్ల బెంగపడి అరుస్తుంది. తోటి పిల్లల అరుపులు వినిపించేటట్లు పెట్టెను వాటికి దగ్గరలో ఉంచండి. పొడిచే స్వభావం లేని పిల్లను ఒకదానిని తోడుగా ఉంచితే మరీ మంచిది.

కాలిని పరీక్షించడం

పిల్లను అరచేతిలో మెత్తగా పట్టుకోండి. గట్టిగా నొక్కితే దానికి ఊపిరి ఆడదు. రెండు కాళ్ళను ప్రక్కప్రక్కన చూచి పోల్చండి.

కోడి మోకాలు వెనుకకు వంగుతుందని చాలామంది అనుకొంటారు. అది పొరపాటు. కోడి మోకాలు పైన ఈకలలో దాగి ఉంటుంది. మనకు బయట కనిపించే కీలు దాని చీలమండ. అంటే కోడి ఎప్పుడూ మునివేళ్ళ మీద నిలబడినట్లే నడుస్తుంది. ఈ సంగతి తెలిస్తే ఏ కీలు వాచిందో సరిగా చెప్పగలుగుతారు.

మొదట చూడవలసినది దారం. తల వెంట్రుక గాని, దారపు పోగు గాని కాలికి చుట్టుకొని బిగుసుకుపోతే క్రింది భాగానికి రక్తం పోదు. కాలు వాచి నల్లబడుతుంది. అట్టి దారాన్ని పెద్దల చేత చిన్న కత్తెరతో జాగ్రత్తగా తీయించండి. తరువాత పాదం అడుగున ముల్లు, గాయం, వాపు ఉన్నాయేమో చూడండి. కాలు వ్రేలాడుతూ, ముట్టుకొంటే పిల్ల బాధతో అరుస్తూ ఉంటే ఎముక విరిగి ఉండవచ్చు. అప్పుడు మీరు కట్టు కట్టబోకండి. పశువైద్యునికి చూపించాలి.

కాళ్ళు ఎడంగా జారిన పిల్ల

కొన్ని పిల్లలు పుట్టిన ఒకటి రెండు రోజులలోనే కాళ్ళు చెరొక ప్రక్కకు చాపుకొని, పొట్ట నేలకు ఆనించి పడి ఉంటాయి. లేవబోతే కాళ్ళు ఇంకా ఎడంగా జారిపోతాయి. దీనికి ఎక్కువగా కారణం నున్నని నేలే. పుట్టినప్పుడు పిల్ల ఎముకలు, కీళ్ళు మెత్తగా ఉంటాయి. పట్టు దొరకని నేల మీద కాళ్ళు జారి, అలాగే అలవాటు పడతాయి. పొదిగే యంత్రంలో వేడి సరిగా లేకపోయినా ఇట్లా జరుగుతుంది.

దీనికి చికిత్స సులువు. సెంటీమీటరు వెడల్పున్న మెత్తని అంటుపట్టీ తీసుకోండి. పెద్దలు ఒకరు పిల్లను పట్టుకొంటే, మరొకరు రెండు కాళ్ళనూ పొట్ట క్రిందకు తెచ్చి, చీలమండకు దిగువగా పట్టీతో కలిపి కట్టాలి. రెండు కాళ్ళ మధ్య ఎడం రెండు మూడు సెంటీమీటర్లు ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల నిలబడినప్పుడు దాని కాళ్ళ మధ్య ఎంత ఎడం ఉంటుందో చూచి, అంతే ఉంచండి. కట్టు జారిపోకూడదు, బిగియనూ కూడదు. పాదం వాచినా, రంగు మారినా వెంటనే విప్పాలి.

మొదట పిల్ల ముందుకు తూలి పడుతుంది. కంగారు పడకండి. తువ్వాలు మీద నిలబడడానికి రోజూ నాలుగైదుసార్లు కొంచెంసేపు సాయం చేయండి. పిల్ల త్వరగా పెరుగుతుంది కనుక ప్రతిరోజూ కట్టు విప్పి, కాలు చూచి, మళ్ళీ కట్టాలి. చాలా పిల్లలు మూడు నాలుగు రోజుల నుండి వారం లోపల సరిగా నిలబడతాయి.

“మొక్కై వంగనిది మానై వంగునా” అనే సామెత మీకు తెలుసు కదా! ఇక్కడ అది అక్షరాలా నిజం. మొదటి రెండు మూడు రోజులలో కట్టిన కట్టు పనిచేసినట్లు, రెండు వారాల తరువాత కట్టినది పనిచేయదు. అప్పటికి ఎముకలు గట్టిపడతాయి.

వేళ్ళు ముడుచుకొన్న పిల్ల

మరికొన్ని పిల్లలు మొదట బాగానే నడుస్తాయి. రెండవ వారం వచ్చేసరికి కాలివేళ్ళు పిడికిలిలాగా లోపలికి ముడుచుకొంటాయి. పిల్ల పాదం మోపలేక చీలమండల మీద కూర్చొని ప్రాకుతుంది. దాని కళ్ళు చురుకుగానే ఉంటాయి. ఆకలి కూడా ఉంటుంది. నడవడం మాత్రం చేతకాదు.

ఇది విటమిన్ బి2 లోపం వల్ల కలుగుతుంది. ఆ విటమిన్ లేనిదే కాలి నరాలు సరిగా పనిచేయవు. వట్టి నూకలు, మిగిలిన అన్నం మాత్రమే వేసి పెంచిన పిల్లలలో ఇది రావచ్చు. బజారులో కొన్న దాణాను ఎండ తగిలేచోట చాలాకాలం ఉంచినా రావచ్చు. ఎందుకంటే బి2 విటమిన్ వెలుతురు తగిలితే నశిస్తుంది.

అట్టి పిల్లకు ఉడికించిన కోడిగుడ్డును మెత్తగా చిదిమి పెట్టండి. సన్నగా తరిగిన ఆకుకూర వేయండి. బజారులో బాయం అని అమ్మే తోటకూర పనికివస్తుంది, మునగాకూ పనికివస్తుంది. కోళ్ళ మందులు అమ్మే దుకాణంలో విటమిన్ పొడి దొరుకుతుంది. పొట్లం మీద వ్రాసిన కొలత ప్రకారం నీటిలో కలిపి పెట్టాలి. ఎక్కువ వేస్తే త్వరగా నయమవుతుందని అనుకోకండి. తొలిదశలో గుర్తిస్తే కొద్ది రోజులలోనే వేళ్ళు విచ్చుకొంటాయి. ఆలస్యమైతే నరాలు చెడిపోతాయి. అప్పుడు విటమిన్ ఇచ్చినా వేళ్ళు తిరిగి రావు.

జావా కోళ్ళు నేర్పిన పాఠం

ఆహారానికి, కాలికి గల సంబంధం ఎట్లా తెలిసిందో వినండి. మన పొరుగునే ఉన్న జావా ద్వీపంలో, నేటి జకార్తా నగరంలో, క్రిస్టియాన్ ఐక్‌మాన్ అనే డచ్చి వైద్యుడు ఉండేవాడు. ఆ రోజులలో బెరిబెరి అనే జబ్బు ఈ ప్రాంతాలలో ఎందరినో బలిగొనేది. దానివల్ల కాళ్ళు పడిపోయేవి, గుండె బలహీనమయ్యేది. ఏదో సూక్ష్మజీవి దీనికి కారణమని ఆయన అనుకొని వెతకసాగాడు.

1890 ప్రాంతంలో ఆయన ప్రయోగశాలలోని కోళ్ళకు కాళ్ళు తడబడసాగాయి. అవి తూలి పడిపోయేవి. కొంతకాలానికి అవే కోళ్ళు ఏ మందూ లేకుండా కోలుకొన్నాయి. ఐక్‌మాన్ ఆశ్చర్యపడి విచారించాడు. జబ్బుపడిన రోజులలో వాటికి సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లని అన్నం వేసేవారు. తరువాత వచ్చిన కొత్త వంటవాడు సైనికుల అన్నం కోళ్ళకు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అందుచేత వాటికి పాలిష్ పట్టని ముతక బియ్యం వేశారు. కోళ్ళు లేచి నడిచాయి!

బియ్యానికి పాలిష్ పట్టినప్పుడు ఊడిపోయే తవుడులోనే కోళ్ళ ప్రాణం ఉన్నదన్నమాట. 1901లో ఐక్‌మాన్ తరువాత అక్కడ పనిచేసిన గ్రైన్స్ అనే వైద్యుడు ఈ సంగతిని సరిగా వివరించాడు. జబ్బుకు కారణం ఆహారంలో ఉన్న విషం కాదు, ఆహారంలో ఉండవలసినది లేకపోవడం అని చెప్పాడు. ఆ పదార్థానికే నేడు విటమిన్ బి1 అని పేరు. 1926లో జావాలోనే యాన్సెన్, డోనత్ అనే శాస్త్రజ్ఞులు తవుడు నుండి దానిని వేరుచేశారు. 1929లో ఐక్‌మాన్‌కు నోబెల్ బహుమతి లభించింది.

మన కౌలాలంపూరులో కూడా 1905లో ఫ్లెచర్ అనే వైద్యుడు మానసిక రోగుల ఆసుపత్రిలో ఒక పరీక్ష చేశాడు. కొందరికి పాలిష్ పట్టిన తెల్లబియ్యం, మరికొందరికి ఉప్పుడు బియ్యం పెట్టించాడు. తెల్లబియ్యం తిన్నవారిలో చాలామందికి బెరిబెరి వచ్చింది. ఉప్పుడు బియ్యం తిన్నవారికి ఆ భయం లేకపోయింది. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పై పొరలోని విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. దక్షిణ భారతదేశం నుండి ఇక్కడికి వచ్చిన కూలీలు ఉప్పుడు బియ్యం తినేవారు కనుకనే వారిలో ఈ జబ్బు తక్కువగా కనిపించింది.

చూచారా! కోడి కాలు చెప్పిన కబురును ఒకాయన శ్రద్ధగా విన్నాడు. దానివల్ల మనుషుల ప్రాణాలు నిలిచాయి.

ఎముకలు, కీళ్ళు

తవుడులో మాంగనీసు అనే ఖనిజం కూడా ఉంటుంది. అది చాలకపోతే పెరిగే పిల్ల చీలమండ వాచి చదునవుతుంది. కీలు వెనుక ఉండే గట్టి నరంలాంటి బంధం ప్రక్కకు జారిపోతుంది. కాలు బయటికి మెలి తిరుగుతుంది. ఒకసారి జారిన బంధాన్ని సరిచేయడం కష్టం. పశువైద్యుడు వెంటనే చూస్తే ఒక్కొక్కప్పుడు వీలవుతుంది. కనుక ఇది రాకుండా చూచుకోవడమే మేలు.

పిల్లను రోజంతా చీకటి పెట్టెలో ఉంచితే మరొక చిక్కు వస్తుంది. సూర్యరశ్మి తగిలితే కోడి శరీరంలో విటమిన్ డి తయారవుతుంది. అది లేకపోతే ఎముకలకు సున్నం పట్టదు. కాళ్ళు వంగిపోతాయి. ముక్కు కూడా రబ్బరులాగా మెత్తబడుతుంది. రోజూ ఉదయంపూట పిల్లను కొంచెంసేపు లేత ఎండలో తిరగనివ్వండి. నీడ కూడా దగ్గరలో ఉండాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు.

సున్నం మంచిదని గుడ్లు పెట్టే పెట్టల దాణాను పిల్లలకు వేయకండి. అందులో సున్నం మరీ ఎక్కువ. పిల్లల మూత్రపిండాలు దానికి తట్టుకోలేవు. పిల్లలకు పిల్లల దాణాయే వేయాలి.

మన చేతిలో లేని జబ్బులు

కొన్ని కబురులు చెడ్డవి. నెలన్నర దాటిన పిల్ల ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనుకకు చాచి పడి ఉంటే అది మారెక్ వ్యాధి కావచ్చు. 1907లో హంగరీ దేశపు పశువైద్యుడు యోజెఫ్ మారెక్ దీనిని మొదట వర్ణించాడు. ఇది ఒక వైరస్ వల్ల వస్తుంది. ఈకల పొట్టుతో కూడిన ధూళి ద్వారా వ్యాపిస్తుంది. దీనికి మందు లేదు. పుట్టిన రోజునే వేసే టీకా మాత్రం ఉన్నది. పిల్లలను కొనేటప్పుడు టీకా వేశారా అని అడగడం మరువకండి.

ఒక పిల్ల కాదు, చాలా కోళ్ళు ఒకేసారి జబ్బుపడితే జాగ్రత్త. మెడలు మెలి తిరగడం, రొప్పడం, ఆకుపచ్చని విరేచనాలు, హఠాత్తుగా చావడం కనిపిస్తే అది కొక్కెర తెగులు కావచ్చు, పక్షి జ్వరం కావచ్చు. పక్షి జ్వరం 2004లో మన కెలంతాన్ రాష్ట్రంలో కోళ్ళకు వచ్చింది. అది మనుషులకు కూడా సోకగలదు. అప్పుడు కోళ్ళను ముట్టుకోకండి. పెద్దలకు చెప్పండి. వారు జిల్లా పశువైద్య కార్యాలయానికి తెలుపుతారు.

కొన్ని పిల్లలు మనం ఎంత చేసినా లేవవు. తినక, త్రాగక, బాధపడుతూ ఉన్న పిల్లను రోజుల తరబడి అట్లాగే ఉంచడం దయ కాదు. ఏమి చేయాలో పశువైద్యుని అడిగి పెద్దలు నిర్ణయిస్తారు. అది మీ తప్పు కాదు. చివరిదాకా దానికి వెచ్చదనం, నీరు, నెమ్మది ఇచ్చారు కదా! అదీ సేవే.

చేతుల శుభ్రం

చూడడానికి ఆరోగ్యంగా ఉన్న కోడిపిల్ల మీద కూడా మన కడుపుకు హాని చేసే సూక్ష్మజీవులు ఉంటాయి. పిల్లను ముట్టుకొన్న ప్రతిసారి సబ్బుతో చేతులు కడుక్కోండి. దానిని ముద్దు పెట్టుకోకండి. దాని గిన్నెలను వంటింటి తొట్టిలో కడగకండి.

మళ్ళీ మందలోకి

పిల్ల రెండు రోజులపాటు తూలకుండా నడిచి, తానే తిని త్రాగితే మందలోకి పంపవచ్చు. సాయంకాలం చీకటి పడేవేళ తోటి పిల్లల మధ్య మెల్లగా విడవండి. మరునాడు ఉదయం కాసేపు కాపలా ఉండండి. పొడిస్తే మళ్ళీ వేరుచేసి, రెండు రోజుల తరువాత ప్రయత్నించండి.

ఒక చిన్న పుస్తకంలో మూడు సంగతులు వ్రాసి పెట్టుకోండి. పిల్ల ఏ నేల మీద పెరిగింది? ఏమి తిన్నది? ఏ రోజున కుంటింది? ఒక పిల్లకు కట్టు కట్టి, నున్నని నేలను అట్లాగే ఉంచితే తరువాతి పొదుగులో మరొక పిల్ల జారుతుంది. ఒక పిల్లకు విటమిన్ ఇచ్చి, వట్టి నూకలే వేస్తూ ఉంటే మరొక పిల్ల వేళ్ళు ముడుచుకొంటాయి. పెరటిలో తిరిగే పిల్ల పురుగును, ఆకును, ఎండను తానే వెతుక్కొంటుంది. పెట్టెలో పెట్టిన పిల్లకు అవన్నీ మనమే తెచ్చి ఇవ్వాలి.

అభ్యాసం

1. కుంటుతున్న కోడిపిల్లను మంద నుండి ఎందుకు వేరు చేయాలి?
2. పెట్టెలో వార్తాపత్రిక కాగితం ఎందుకు పరచకూడదు?
3. కాళ్ళు జారిన పిల్లకు, వేళ్ళు ముడుచుకొన్న పిల్లకు గల తేడా ఏమిటి?
4. ఐక్‌మాన్ కోళ్ళు ఏ మందూ లేకుండా ఎట్లా కోలుకొన్నాయి?
5. ఈ మాటలను సొంత వాక్యాలలో ఉపయోగించండి: తవుడు, నూకలు, చీలమండ, పొదుగు, మంద.
6. మీ తాతగారిని గాని, అమ్మమ్మగారిని గాని అడిగి, వారి చిన్నతనంలో ఇంట కోళ్ళకు ఏమేమి వేసేవారో పది వాక్యాలలో వ్రాయండి.